హనుమంతుని పశ్చాత్తాపము

సుందరకాండమున లంకాదహనమును ఉత్సాహముతో చదువువారు పలువురు. 55వ సర్గమున నిలుచువారు కొందఱే. లంక కాలుచుండగా హనుమంతునకు సీతమ్మ జ్ఞప్తికి వచ్చినది. ప్రభుకార్యమునకై పుట్టిన కోపమే ఆ కార్యమును దగ్ధము చేసినదేమో యని తన్ను తాను నిందించుకొనెను. ప్రాణత్యాగమునకు సైతము తలచెను.

కోపము పుట్టుటయే దోషమని మహర్షి ఇచ్చట చెప్పలేదు. పుట్టిన కోపమును ఓర్పుతో విడుచుటను పాము జీర్ణచర్మమును విడుచుటతో పోల్చెను. ఆ చర్మము పామునకు శత్రువా? కొంతకాలము దానిని కాపాడినదే గదా! జీర్ణమైన పిదపనే అది భారము.

ఇక భయము. హనుమంతుడు దానిని అణచలేదు, దానికి లొంగనూలేదు, విచారించెను. తన వాలమును కాల్చని అగ్ని ఆ సాధ్విని తాకునా? సీత క్షేమమని చారణులు పలుకగా విని ఊరడిల్లియు, స్వయముగా చూచుటకై మరల శింశుపావృక్షము కడకేగెను.