పసిబిడ్డ పడక – పంచాయతీ బాధ్యత

పంచాయతీ సమావేశములలో బావులు, బాటలు, వీధిదీపములు చర్చకు వచ్చుట మామూలు. పసిబిడ్డ పడకను గూర్చి కూడ చర్చింపవలెనన్నచో సభ్యులలో కొందరు నవ్వవచ్చును. అయినను ఈ విషయమునే మేము నేడు వారి ముందుంచుచున్నాము. తడిసిన పరుపు మూలమున కుటుంబమునకు కలుగు నష్టము ధనము మాత్రమే కాదు. పక్క తడిపినందుకు దెబ్బలు తినుచున్న బిడ్డలు మన గ్రామములలో నున్నారు. పదిమందిలో నవ్వులపాలగుదురేమో యని తల్లులు అంగన్‌వాడీకి పంపక ఇంటనే ఉంచుకొనుచున్న బిడ్డలును ఉన్నారు.

మొదట బిడ్డ సంగతి గ్రహింపవలెను. ఒకటిన్నర, మూడు సంవత్సరముల నడుమ చాలమంది బిడ్డలు పగటిపూట మలమూత్రముల వేగమును గుర్తించి పెద్దలకు చెప్పుట నేర్చుకొందురు. రాత్రిపూట నిగ్రహము అంత త్వరగా రాదు. నిద్రలో మూత్రము తక్కువగ తయారగుటకు తోడ్పడు రసము దేహములో చాలినంత ఊరవలెను, మూత్రాశయము పెరుగవలెను, అది నిండినపుడు మెలకువ రావలెను. ఈ మూడును ఒక్కనాటిలో కుదురునవి కావు. ఐదేండ్ల వయస్సునందు సైతము నూటికి సుమారు 15 మంది పక్క తడుపుదురని వైద్యులు చెప్పుచున్నారు. తల్లికో తండ్రికో చిన్ననాట ఈ స్థితి యుండినచో బిడ్డకును ఉండుట తరచు. వాత పెట్టుదునని బెదరించినంత మాత్రమున పక్క పొడిగ నుండదు. పైగా భయమును దిగులును ఆ స్థితిని పొడిగించును.

ఇక పరుపు మాట. దూదిపరుపు ఉదుకుటకు వీలుకాని వస్తువు. మూత్రము లోనికి దిగిన దూది ఉండలు కట్టును. మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టగా అమ్మోనియా పుట్టును. ముక్కునకు తగులు ఘాటైన వాసన దానిదే. పైకి ఆరినట్లు కనిపించినను లోపల చెమ్మ నిలిచినచో బూజు పట్టును. అటుపిమ్మట పరుపును విప్పించి, దూదిని ఎండబెట్టి, ఏకించి, మరల కుట్టింపవలసినదే. ఒక్క పరుపు మీద ముగ్గురు బిడ్డలు పండుకొను ఇంట ఈ ఖర్చు చిన్నది కాదు. కావున చెడిన పరుపును బాగుచేయుటకన్న తడి దానిని చేరకుండ చూచుటయే మేలు.

ఇందుకు మూడు పొరలు చాలును. పరుపు మీద నీరు దిగని గుడ్డ పరచవలెను. దానిపై తడిని పీల్చు నూలుబొంత, ఆపైన పాతచీరతో చేసిన పలుచని దుప్పటి ఉండవలెను. నీరు దిగని గుడ్డలలో మందుల దుకాణములందు దొరకు రబ్బరుగుడ్డ శ్రేష్ఠము. 1823లో స్కాట్లండు దేశీయుడగు ఛార్లెస్ మాకింటాష్ రెండు వస్త్రముల నడుమ రబ్బరును ఉంచి నీరు దిగని గుడ్డ చేయు విధానమునకు పేటెంటు పొందెను. ఆసుపత్రులలో మంచముపై పరచు రబ్బరుగుడ్డకు ఆయన పేరే నిలిచినది. ఆ గుడ్డ బిడ్డ నడుము మొదలు మోకాళ్ల వరకు వచ్చి, ఇరుప్రక్కల జానెడు చొప్పున పరుపు క్రిందికి మడచుటకు చాలవలెను. వదులుగ నున్నచో బిడ్డ దొర్లినపుడు ముడతలుపడి తడి ప్రక్కకు జారును.

ఖర్చు తగ్గునని కొందరు ఎరువుల సంచులను చీల్చి పరచుచున్నారు. ఇది కూడదు. ఎరువులు, పురుగుమందులు ఉంచిన సంచులను ఎంత కడిగినను బిడ్డ చర్మమునకు తగులనీయరాదు. పలుచని ప్లాస్టిక్ కవర్లును ప్రమాదకరములే. అవి ముఖమునకు చుట్టుకొన్నచో బిడ్డకు ఊపిరాడదు.

తెలివిగల తల్లులు చేయు ఉపాయమొకటి కలదు. వారు ఈ మూడు పొరలను ఒకదానిపై నొకటి రెండు వరుసలుగ పరతురు. అర్ధరాత్రి బిడ్డ తడిపినపుడు పై వరుసను లాగివేసి, బట్టలు మార్చినచో క్రింద పొడిపక్క సిద్ధముగ నుండును. బిడ్డకు నిద్ర చెడదు, తల్లికి కోపము రాదు. ఈ రెండవ లాభమే పెద్దదని మా అభిప్రాయము.

తడిసిన బొంతను మూలన పడవేయక తెల్లవారగానే ముందు చన్నీటిలో జాడించి, పిమ్మట సబ్బుతో ఉదికి, ఎండలో ఆరవేయవలెను. రబ్బరుగుడ్డను మాత్రము నీడలోనే ఆరబెట్టవలెను. ఎండకు అది పగులును. మడత పెట్టక చుట్టి ఉంచినచో ఎక్కువ కాలము మన్నును.

పక్క తడియునని బిడ్డకు సాయంకాలమునుండి నీళ్లు మాన్పించుట తగదు. వేసవిలో అది హాని. టీ, కాఫీలు మానిపించి, పండుకొనుటకు ముందు ఒకసారి మూత్రమునకు పంపిన చాలును. మలబద్ధకమున్న బిడ్డ పక్క తడుపుట ఎక్కువ గనుక ఆకుకూరలు, పండ్లు పెట్టవలెను. ఆరునెలలు పొడిగ నుండిన బిడ్డ మరల తడుప మొదలిడినను, మూత్రములో మంట గాని విపరీతమైన దాహము గాని కనిపించినను వైద్యునికి చూపవలెను.

పసిబిడ్డ మలము హానిలేనిదని పలువురి నమ్మకము. అది సరికాదు. ఆ మలములోని నులిపురుగుల గ్రుడ్లు నేలలో కొన్ని వారములలో పక్వమై ఇతర బిడ్డలకు సోకును. గుడ్డలకు అంటిన మలమును కాలువలోనో పెంటకుప్పమీదనో విదల్చక మరుగుదొడ్డిలో వేసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వాడిన డైపర్లను కాలువలో పడవేయుటయు ఇట్టి తప్పే.

పంచాయతీ చేయదగిన పని ఇక్కడనే ఉన్నది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పారిశుద్ధ్యము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ పేర్కొనబడినవి. అంగన్‌వాడీ పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమైనది. మూడేండ్లు నిండిన బిడ్డలు అక్కడ భోజనమైన పిదప జంపఖానాపై నిద్రింతురు. తడిపిన బిడ్డకు మార్చుటకు పొడిబట్ట, కడుగుటకు కుళాయినీరు, చిన్నవారు భయపడక కూర్చుండదగిన పొట్టి మరుగుదొడ్డి అక్కడ ఉన్నవా? సభ్యులు ఒక మధ్యాహ్నము వెళ్లి స్వయముగ చూచి రావలెను. మరుగుదొడ్డి ఉండియు నీరు లేక తాళము పడియున్నచో, బిడ్డ జంపఖానా తడుపుట బిడ్డ తప్పు కాదు.

వానాకాలమున బొంత ఆరుటకు రెండు దినములు పట్టును. అందుచేత అంగన్‌వాడీ వసారాలో కప్పు క్రింద రెండు తాళ్లు కట్టించుటయు, ఒక్కొక్క చిన్నబిడ్డకు మూడు బొంతలుండునట్లు పాతచీరలు సేకరించి స్వయంసహాయక సంఘముల సభ్యురాండ్రచేత కుట్టించుటయు జూన్ మాసమునకు ముందే జరుగవలెను.