మీరుండగా ఎవరు, మీ తర్వాత ఎవరికి? ఒంటరిగా ఉన్నవారికి వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ

డోర్నకల్‌లో పెళ్లి చేసుకోని టీచరమ్మలున్నారు, రైల్వేలో రిటైరై ఒక్కరే ఉంటున్న పెద్దవాళ్లున్నారు, భర్త పోయి పిల్లలు లేని ఆడవాళ్లున్నారు. వీళ్లలో చాలామందికి జ్వరమొస్తే జావ కాచి ఇచ్చేది ఒకరు, చట్టం లెక్కలో వారసులు ఇంకొకరు. కాగితం రాసి పెట్టకపోతే చట్టం తన లెక్కే చూసుకుంటుంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో నారాయణీదేవి కేసు చెబుతుంది. ఆమెకు 1955లో పెళ్లయింది. మూడు నెలలకే భర్త చనిపోతే అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింట్లో ఉండి చదువుకుని, ఉద్యోగం చేసి, సొంతంగా సంపాదించుకుంది. 1996లో వీలునామా రాయకుండానే పోయింది. ఆస్తి కోసం ఆమె తల్లి కోర్టుకెక్కింది. అయినా 2009లో సుప్రీంకోర్టు ఆ ఆస్తి భర్త వైపువాళ్లకే, అంటే ఆడబిడ్డ కొడుకులకే చెందుతుందని తీర్పు చెప్పింది. ఆమె ఒక్క కాగితం మీద సంతకం పెట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. 2025 నవంబరులో అదే సుప్రీంకోర్టు, ఆడవాళ్లు, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది.

ముందుగా మీకు ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి. ఒకే వీధిలో ఇల్లిల్లుకూ అది మారుతుంది. పెళ్లికాని హిందూ మగవాడు వీలునామా లేకుండా చనిపోతే ఆస్తంతా తల్లికి పోతుంది. తండ్రి వంతు ఆమె లేనప్పుడే. పెళ్లికాని హిందూ స్త్రీకైతే తల్లిదండ్రులిద్దరూ వారసులు. పెళ్లికాని క్రైస్తవుల విషయంలో తండ్రి బతికుంటే మొత్తం ఆయనకే. ఆయన లేకపోతే తల్లికీ తోబుట్టువులకూ సమాన వాటాలు. ముస్లింలు అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వారసుల ఒప్పుదలతో పని లేకుండా వీలునామా రాయగలరు. మన తండాల్లోని లంబాడాల వంటి షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు, ఆచారం చూస్తారు. అందుకే వాళ్లు, పక్కనే ఏజెన్సీ మండలాలైన గార్ల, బయ్యారంలో భూమి ఉన్నవాళ్లు రాయడానికి ముందే వకీలును కలవాలి.

అజరయ్య బిషప్ కాలం నుంచి డోర్నకల్ డయోసిస్ కేంద్రం కాబట్టి ఇక్కడి క్రైస్తవులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. తోబుట్టువుల పిల్లలో అంతకంటే దగ్గరివాళ్లో ఉన్న క్రైస్తవుడు చర్చికి, ధర్మకార్యానికి ఆస్తి రాయాలంటే ఒకప్పుడు భారత వారసత్వ చట్టంలోని 118వ సెక్షన్ అడ్డుండేది. చావుకు ఏడాది ముందే రాసి, ఆరు నెలల్లోగా దాఖలు చేసి ఉండాలనేది ఆ షరతు. జాన్ వల్లమట్టం అనే కేరళ ఫాదర్ వేసిన కేసులో 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇంకో నియమం మాత్రం ఇప్పటికీ ఉంది: క్రైస్తవులు వీలునామా రాశాక పెళ్లి చేసుకుంటే పాతది రద్దయిపోతుంది. నలభై ఏళ్లకు రాసి యాభైకి పెళ్లి చేసుకుంటే మళ్లీ రాయాల్సిందే. హిందువులకు ఈ నియమం లేదు.

తర్వాత ఆస్తుల చిట్టా రాసుకోండి. ఏది స్వార్జితం, ఏది పిత్రార్జితం అన్నది విడదీయండి. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరు. బ్యాంకు ఖాతాకు నామినీ పెట్టాం కదా అని ఊరుకోవద్దు. నామినీ డబ్బు తీసుకుని అసలు వారసులకు అప్పగించాల్సిన మనిషి మాత్రమే. ఎల్‌ఐసీ పాలసీ విషయంలో 1983లోనూ, షేర్ల విషయంలో 2023లోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అయితే 2015 తర్వాత బీమాలో తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లదే. వీలునామాలో ఎవరి పేరుందో నామినీగా కూడా వాళ్లనే పెడితే గొడవే ఉండదు. ఇక రైల్వే ఫ్యామిలీ పెన్షన్ వీలునామాతో ఇచ్చేది కాదు, అది పెన్షన్ రూల్స్ ప్రకారమే పోతుంది.

ఇప్పుడు రాయడం. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీ చేతిరాతైనా చెల్లుతుంది. భాష ఇలా ఉంటే సరిపోతుంది: “నేను పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిన నా చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను. నా జీవితకాలంలో నా ఆస్తిపై సర్వహక్కులూ నావే. నా తదనంతరం, కింది హద్దుల్లో ఉన్న నా స్వార్జిత ఇల్లు నా మేనకోడలికి చెందవలెను. ఆమె నాకంటే ముందే మరణిస్తే ఆమె కూతురికి చెందవలెను. ఇందులో పేర్కొనని నా ఇతర ఆస్తులన్నీ కూడా నా మేనకోడలికే చెందవలెను.” పేర్లు, తండ్రి పేరు, ఇంటి నంబరు, సర్వే నంబరు పూర్తిగా రాయండి. పై నమూనాలోని చివరి రెండు వాక్యాలే చాలామంది మరిచిపోతారు, కోర్టు గొడవలు అక్కడే మొదలవుతాయి. దగ్గరి బంధువుకు ఏమీ ఇవ్వకపోతే ఎందుకో ఒక్క మాట రాయండి, తర్వాత అనుమానాలు తగ్గుతాయి. అమలు చేసే ఎగ్జిక్యూటర్ పేరు కూడా ఉండాలి.

సంతకం దగ్గర తొందరపడొద్దు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టండి, చివరి పేజీలో తేదీ వేయండి. కనీసం ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం కళ్లారా చూసి, మీ ముందే తమ సంతకాలు పెట్టాలి. ఆస్తి పొందేవాళ్లు, వాళ్ల భార్యాభర్తలు సాక్షులుగా ఉండకూడదు. క్రైస్తవుల విషయంలో అలా ఉంటే ఆ సాక్షికో, ఆ సాక్షి భార్యకో భర్తకో రాసింది చెల్లకుండా పోతుంది. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలు, రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్లే కదా. వయసు పైబడినవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ జతచేసుకోండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నన్నడిగితే చేయించమంటాను. మహబూబాబాద్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు సాక్షులతో, ఆధార్ కార్డులతో వెళ్తే పనవుతుంది. రిజిస్టర్ చేసినా బతికున్నంతకాలం మార్చుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది. వ్యవసాయ భూమైతే మీ తర్వాత పాస్‌పుస్తకం మార్పిడికి ఆస్తి పొందేవాళ్లు తహసీల్దార్ దగ్గరికి వెళ్లాలి.

వీలునామా మీరు బతికుండగా ఎవరికీ ఏ అధికారమూ ఇవ్వదు. ఆ ఖాళీని నింపేది పవర్ ఆఫ్ అటార్నీ. అద్దె వసూలుకో, ఒక కేసుకో, ఒక అమ్మకానికో అయితే స్పెషల్ పవర్ ఇవ్వండి. జనరల్ పవర్ (జీపీఏ) చాలా నమ్మకస్తులకే, అదీ ఏయే పనులకో విడివిడిగా రాసి ఇవ్వాలి. భూమి పనులకైతే నోటరీతో సరిపెట్టక రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి. అమెరికాలో ఉన్నవాళ్లు భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. జీపీఏతో ఇల్లు కొన్నామనుకునేవాళ్లు 2011 నాటి సూరజ్ ల్యాంప్ తీర్పు గుర్తుంచుకోవాలి: జీపీఏతో హక్కు బదిలీ కాదు. బ్యాంకులు సొంత ఫారమే అడుగుతుంటాయి, ముందే కనుక్కోండి. పవర్ రద్దు చేసుకుంటే కాగితం రాసి ఊరుకోకుండా బ్యాంకుకు, ఆ మనిషికి నోటీసు పంపండి.

ఒంటరివాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. మీరు చనిపోతే పవర్ పోతుంది. మతిస్థిమితం పోయినా పోతుంది, అంటే అసలు అవసరమైన రోజునే పనికిరాదు. కోమాలో ఉన్న మనిషి ఖాతా నుంచి ఆసుపత్రి బిల్లు కట్టాలన్నా హైకోర్టుకు పోవాల్సి రావచ్చు. కాబట్టి వైద్యం ఖర్చుకు సరిపడా సొమ్ము ఒక ఖాతాలో పెట్టి, నమ్మినవాళ్లతో ‘ఇద్దరిలో ఎవరైనా’ పద్ధతిలో జాయింటుగా నడపండి. మీరు చెప్పలేని స్థితిలో ప్రాణాధార చికిత్స కొనసాగించాలో వద్దో మీ తరఫున ఎవరు నిర్ణయించాలో చెప్పే ముందస్తు వైద్య నిర్దేశం కూడా రాయండి. 2018లో సుప్రీంకోర్టు దీన్ని అంగీకరించింది, 2023లో సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు ధ్రువీకరణ ఉంటే చాలు. అర్ధరాత్రి ఖమ్మం ఆసుపత్రిలో ‘మీరు పేషెంటుకు ఏమవుతారు’ అని అడిగినప్పుడు మీ పక్కింటామె చేతిలో చూపడానికి ఒక కాగితం ఉంటుంది.

వీలునామా అసలు ప్రతిని మీ ఒక్కరి పేరున్న బ్యాంకు లాకర్లో పెట్టొద్దు. మీ తర్వాత ఆ లాకరు తెరవడానికే కాగితాలు కావాలి. ఎగ్జిక్యూటర్ దగ్గర ఉంచండి, లేదా సీలు వేసిన కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయండి. వైద్య నిర్దేశం మాత్రం బీరువాలో దాచేది కాదు. దాని నకలు మీరు పేరు రాసిన మనిషి దగ్గర, మీ డాక్టరు దగ్గర ఈరోజు నుంచే ఉండాలి.