దేహములోని వర్తమానము

మన దేహమందలి కణములు ఒకదానితో నొకటి మాటలాడుకొనునని మనలో అనేకులెరుగరు. వాటికి నోరు లేదు. అనేక పర్యాయములు రక్తమే వాటి వార్తాహరుడు. మనము అన్నము తినగా రక్తములో చక్కెర పెరుగును. కడుపు వెనుకనున్న క్లోమములోని బీటా కణములు దానిని గుర్తించి, ఇన్సులిన్ అను వర్తమానమును పంపును. కండలలోని కణములు దాని నందుకొని, తలుపు తెరచి, చక్కెరను లోనికి చేర్చుకొనును.

ఈ సంభాషణ రెండు విధములుగా చెడును. మొదటి రకపు మధుమేహములో దేహమును కాపాడవలసిన కణములే బీటా కణములను నశింపజేయును. వర్తమానము పంపువారే లేకపోవుదురు. రెండవ రకములో వర్తమానము వచ్చును గాని, వినువారి చెవులు మందమగును.

1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు జంతువుల క్లోమమునుండి ఇన్సులిన్‌ను తీసిరి. 1922 జనవరిలో, చావునకు దగ్గరైయున్న లెనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలుడు దానివలన బ్రదికెను.

కాబట్టి మన బిడ్డలలో ఎవరికైనను తీరని దప్పిక, మాటిమాటికి మూత్రము, కారణము లేక చిక్కిపోవుట కనబడినయెడల, నాటు మందులతో కాలము పుచ్చక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవుదము. వైద్యుడు వ్రాసిన ఇన్సులిన్ సూదిని ఎవరి మాట వినియు మానకుందము. పెద్దలమైన మనము దినదినము నడచినయెడల, మన కండలు ఆ వర్తమానమును మరింత చక్కగా వినును.