అమరావతికి ఒక రోజు: ఏం చూడాలి, ఎలా చూడాలి



బుద్ధగయ, సారనాథ్, నాగపూర్ దీక్షాభూమి చూడాలని మనలో చాలామందికి ఉంటుంది. డబ్బు కుదిరితే సెలవు కుదరదు, సెలవు కుదిరితే డబ్బు ఉండదు. ఏళ్లు గడిచిపోతాయి. కానీ విజయవాడలోనో గుంటూరులోనో ఉంటూ, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే దూరంలో ఉన్న అమరావతిని చూడనివాళ్లు మన మధ్య ఎంతమంది లేరు? చూసొచ్చినవాళ్లు కూడా "ఏముందండీ, ఇటుకల దిబ్బ, నాలుగు రాళ్లు" అని ఊరుకుంటారు. తప్పు రాళ్లది కాదు. వాటిని చదవడం మనకెవరూ నేర్పలేదు. ఈ పాఠం అందుకోసమే.

వెళ్లే ముందు

శుక్రవారం పెట్టుకోవద్దు, ఆ రోజు మ్యూజియం మూసి ఉంటుంది. ఎండాకాలమైతే తెల్లవారుతూనే బయల్దేరండి. స్తూపం దగ్గర ఆరుబయటే తిరగాలి. మంచినీళ్లు, అన్నం మూట కట్టుకోండి. పిల్లలకు తలా ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి. ఇది పిక్నిక్కూ అవుతుంది, బడీ అవుతుంది.

స్తూపం దగ్గర

దీని పేరు మహాచైత్యం. పక్కనున్న ధరణికోటే పాత ధాన్యకటకం. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దం నాటికే మొదలైన ఈ స్తూపం శాతవాహనుల కాలంలో పెరిగి పెద్దదైంది. ఇవాళ మీకు కనిపించేది పీఠం మాత్రమే. మీద గుమ్మటం లేదు, చుట్టూ ఉండే రాతి ప్రాకారం లేదు. వాటిని మనసులో కట్టుకోవాలి.

నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన వేదికలు చూడండి. ఒక్కో దాని మీద ఐదేసి స్తంభాలు నిలిచి ఉండేవి. వాటిని ఆయక స్తంభాలంటారు. బుద్ధుని పుట్టుక, గృహత్యాగం, సంబోధి, మొదటి ప్రబోధం, మహాపరినిర్వాణం: ఈ ఐదింటికి ఐదు. పిల్లల చేత ఈ ఐదూ వేళ్లమీద లెక్కపెట్టించండి. బుద్ధుని జీవితమంతా అక్కడే పాఠమైపోతుంది.

మ్యూజియంలోకి వెళ్లాక ఇంకో సంగతి గమనించండి. పాత శిల్పాల్లో బుద్ధుని మనిషి రూపంలో చెక్కలేదు. పాదాలు, బోధివృక్షం, ఖాళీ ఆసనం, ధమ్మచక్రం: వీటితోనే చెప్పారు. మనిషి రూపం తర్వాత వచ్చింది. విగ్రహం లేకుండానే తరాల తరబడి ధమ్మం నిలిచిందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

రాళ్లు ఎక్కడికి పోయాయి?

18వ శతాబ్దం చివరికి ఇది ఎవరికీ పట్టని మట్టిదిబ్బ. ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్తగా కట్టడాలు కట్టిస్తున్నప్పుడు ఈ దిబ్బను తవ్వి ఇటుకలు, రాళ్లు వాడుకున్నారు. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో బొమ్మలు గీయించడానికి మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు గొయ్యి తవ్వి ఉంది. కొన్ని పలకలు సున్నం బట్టీల పాలయ్యాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్లాయి. ఇవాళ అమరావతి శిల్పంలో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

తమ చరిత్ర తెలియని జనం దగ్గర ఆ చరిత్ర రాయిగా మిగులుతుంది, ఇటుకగా అమ్ముడుపోతుంది, సున్నంగా కాలిపోతుంది. ఇది గుర్తుంచుకోండి.

"మనోళ్లు ఎవరన్నా ఉన్నారా నాయనా?"

ఒకసారి మా బృందంతో వచ్చిన ఒక పెద్దమ్మ అంతా విని ఈ మాట అడిగింది. "రాజులు కట్టారన్నావు, షావుకార్లు ఇచ్చారన్నావు. మనోళ్లు ఎవరన్నా ఉన్నారా నాయనా ఇందులో?"

ఉన్నారమ్మా.

ఈ స్తూపాన్ని ఒక్క రాజు డబ్బుతో కట్టలేదు. ఒకరు పలక, ఒకరు స్తంభం, ఒకరు మెట్టు ఇచ్చారు. ఇచ్చినవాళ్ల పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో చెక్కారు. వాటిలో భిక్షుణులు ఉన్నారు, గృహిణులు ఉన్నారు, వర్తకులు ఉన్నారు, సుగంధ ద్రవ్యాలమ్మేవాళ్లు ఉన్నారు. ఒక పలక మీద విధికుడు అనే చర్మకారుడి పేరు ఉంది. తోలు పని చేసేవాడు. అతని తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడని రాశారు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇస్తున్నానని విధికుడు చెప్పుకున్నాడు.

నిదానంగా ఆలోచించండి. తండ్రి చదువు చెప్పేవాడు, కొడుకు తోలు పని చేసేవాడు. తన పనిని దాచుకోలేదు, రాతి మీద రాయించుకున్నాడు. అతను ఇచ్చిన పలక మైలపడిందని సంఘం తిప్పి పంపలేదు, మహాచైత్యానికి పెట్టుకుంది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నది కూడా అమరావతి పూర్ణఘటమే.

అయితే ఒక జాగ్రత్త. విధికుడు ఫలానా కులానికి మూలపురుషుడని చెప్పుకోకండి. అలా చెప్పే ఆధారం లేదు, మనకు ఆ అవసరమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా చాలు, అదే పెద్ద మాట. ఆ రోజు పెద్దమ్మ ఇంకేం అడగలేదు. విధికుడి పేరు మనవరాలి చేత నోటుపుస్తకంలో రాయించుకుంది.

తిరుగు దారిలో ఉండవల్లి

విజయవాడ వైపు వెళ్లేవాళ్లు ఉండవల్లి గుహల దగ్గర ఆగవచ్చు. నాలుగంతస్తులుగా కొండను తొలిచారు. మొదట ఇవి భిక్షువుల కోసం తొలిచినవని చెప్పేవారు ఉన్నారు. కానీ లోపల పడుకుని ఉన్న పెద్ద విగ్రహాన్ని చూసి "ఇది బుద్ధుని మహాపరినిర్వాణం" అని పిల్లలకు చెప్పకండి. అది విష్ణువు విగ్రహం. బుద్ధుడు విష్ణువు అవతారం కాదని బాబాసాహెబ్ మన చేత 22 ప్రతిజ్ఞల్లో ఐదోదిగా చేయించారు. వాళ్లు బుద్ధుణ్ణి విష్ణువు అంటే తప్పని చెప్పే మనం, విష్ణువును బుద్ధుడనడం ఎలా ఒప్పు అవుతుంది? విన్నామని, రాసి ఉందని, పెద్దలన్నారని నమ్మవద్దని కాలామ సుత్తం చెప్పేది ఇతరులకే కాదు, మనకు కూడా.

అక్కడ ఎలా నడుచుకోవాలి?

స్తూపం కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణ చేయండి. త్రిశరణ పంచశీలాలు చెప్పుకుని కాసేపు మౌనంగా కూర్చోండి. కొబ్బరికాయ కొట్టొద్దు, ముడుపులు కట్టొద్దు, ఉద్యోగం కావాలనీ పెళ్లి కావాలనీ మొక్కుకోవద్దు. పాత గుడి వదిలి కొత్త గుడికి రాలేదు మనం. పలకల మీద పేర్లు గీయకండి. గుర్తుగా చిన్న ఇటుక ముక్కైనా తీసుకోకండి. ఒక్కొక్కరు ఒక్కో ముక్క తీసుకుపోబట్టే ఆ గుమ్మటం ఇవాళ లేదు.

ఇంటికొచ్చాక మాట్లాడుకోండి

1. ఆయక స్తంభాలు ఐదు వేటికి గుర్తు?
2. విధికుడు తన పని పేరు ఎందుకు రాయించుకున్నాడనుకుంటున్నారు? మన పిల్లలు బడిలో తమ తల్లిదండ్రుల పని చెప్పడానికి ఎందుకు వెనుకాడుతున్నారు?
3. మీ ఊరికి దగ్గర్లో ఎవరికీ పట్టని బౌద్ధ దిబ్బ ఉందా? వచ్చే పౌర్ణమికి అక్కడికి ఎవరెవరు వెళదాం?

భవతు సబ్బ మంగళం. జై భీమ్.