దోమతెర లోపల దోమలు

పిల్లలూ, ఇల్ఫర్డ్‌లో మనం దోమతెర కట్టుకోము. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్తే మాత్రం మంచానికి తెర ఉంటుంది. "ఉక్కగా ఉంది, నాకొద్దు!" అంటారు కదూ? అయితే ఇది వినండి.

1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు, మలేరియా వచ్చిన హుసేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి, లోపలికి దోమలను వదిలాడు! కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. (పాపం, హుసేన్ ఖాన్!) ఆగస్టు 20న అలాంటి ఒక దోమ కడుపును మైక్రోస్కోపులో చూస్తే మలేరియా క్రిమి కనిపించింది. అది దోమలో పెరుగుతుందని అలా తెలిసింది.

ఆ దోమ పేరు అనాఫిలస్. ఆడదోమే కుడుతుంది, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. అదీ ఎక్కువగా రాత్రిపూట, మనం నిద్రలో ఉన్నప్పుడు. అందుకే తెర అంచులు పరుపు కిందికి దోపాలి. చెయ్యి తెరకు ఆనిందా, బయటినుంచే కుట్టేస్తుంది! డెంగీ దోమ పగలు కుడుతుంది. దానికి పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి.

ఇల్ఫర్డ్ తిరిగొచ్చాక జ్వరం వస్తే, "ఇండియా వెళ్లొచ్చాం" అని డాక్టరుకు వెంటనే చెప్పాలి.

ఫోన్ చేసి అడగండి: "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు దోమలు రాకుండా ఏం చేసేవాళ్లు?" జవాబు మూడు వాక్యాల్లో రాయండి.