వృక్షరుహ

అమరకోశంలో 'వందా' అనే మొక్కకు చెప్పిన పర్యాయపదాలలో రెండు గమనింపదగినవి. ఒకటి వృక్షాదని, మరొకటి వృక్షరుహ. చెట్టును తినేది మొదటిది, చెట్టుపై మొలిచేది రెండవది. బదనిక వంటి పరాన్నజీవికి మొదటి పేరు సార్థకం. కొమ్మలపై పెరిగే ఆర్కిడ్‌లకు రెండవ పేరే తగినది. అవి చెట్టును ఆశ్రయిస్తాయే గాని దాని సారాన్ని అపహరించవు. ఆ 'వందా' శబ్దమే నేడు ఒక ఆర్కిడ్ ప్రజాతికి శాస్త్రీయ నామమైంది.

ఈ మొక్కల విశిష్టత వేళ్ళలో ఉంది. ఆ వేళ్ళను వెలామెన్ అనే స్పంజు వంటి పొర కప్పి ఉంచుతుంది. ఎండినప్పుడు అది వెండి వన్నెతో ఉంటుంది; తడిసినప్పుడు లోపలి పచ్చదనం బయటపడుతుంది. వానను క్షణాలలో పీల్చి, ఆపై గాలిలో ఆరడం ఈ వేళ్ళ స్వభావం. వాటికి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం.

అంగళ్ళలో దొరికే ఫెలెనాప్సిస్ వంటి ఆర్కిడ్‌లను సాధారణంగా బెరడు ముక్కలలో పెంచుతారు. రెండు మూడేళ్ళలో ఆ బెరడు చివికి, ముద్దకట్టి, గాలిని అడ్డగిస్తుంది. వేళ్ళు కుళ్ళుతాయి. నీరందక ఆకులు వాడుతాయి. పెంచేవారు దానిని దాహమని భ్రమించి మరింత నీరు పోస్తారు. ఆ ప్రేమే మొక్క పాలిటి మృత్యువవుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చినదే సెమీ హైడ్రోపోనిక్స్ అనే అర్ధ జలసేద్యం. ఇందులో మట్టి ఉండదు, బెరడు ఉండదు. అధికమైన వేడిలో కాల్చగా ఉబ్బి, సూక్ష్మరంధ్రాలతో తేలికైన మట్టిగుళికలే ఆధారం. అవి చివకవు. కుండీకి అడుగున గాక, అడుగుకు అంగుళం పైన పక్కభాగంలో రంధ్రాలు చేస్తారు. ఆ మట్టం వరకే నీరు నిలుస్తుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు గుళికలు తడిని పైకి అందిస్తాయి. వాటి నడుమ సందులలో గాలి ఆడుతుంది.

పూలు రాలి, కొత్త వేళ్ళు మొలకెత్తే సమయమే కుండీ మార్చడానికి అనువైనది. ముందుగా గుళికలను మురికి పోయేదాకా కడిగి, ఒక రాత్రి నానబెట్టాలి. మొక్కను తీసి పాత బెరడును పూర్తిగా తొలగించాలి. నొక్కితే మెత్తగా, బోలుగా ఉన్న వేళ్ళను నిప్పుసెగ చూపి చల్లార్చిన కత్తితో కోయాలి. గట్టి వేళ్ళను ఉంచాలి. మొదలు గుళికల పైమట్టానికి సరిపోయేలా నిలిపి చుట్టూ నింపాలి. గుళికలలో పోషకాలు లేవు గనుక పలుచని ఎరువునీరు పోయాలి. అడపాదడపా పైనుండి మంచినీరు ధారగా పోస్తే పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి.

అసలు పరీక్ష ఆ తరువాతనే. బెరడులో పుట్టిన పాత వేళ్ళు నిత్యం తడిగా ఉండే చోటుకు అలవాటుపడలేక చాలావరకు నశించవచ్చు. ఆ చోటనే పుట్టిన కొత్త వేళ్ళే దానికి ఇముడుతాయి. అందుకే కొత్త వేరు జాడ లేని బలహీనమైన మొక్కను మార్చడం ప్రమాదకరం. మార్చిన పిదప ఆకులు కొంత ముడుచుకున్నా కలత చెందరాదు. ఆత్రంతో పెకలించి చూస్తే లేత వేరుకొనలు విరుగుతాయి.

మరొక ధర్మాన్నీ మరువరాదు. ఆర్కిడ్ కుటుంబమంతా సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు రక్షణలో ఉంది. తూర్పు కనుమల అడవులలోనూ ఎన్నో ఆర్కిడ్‌లు ఉన్నాయి. వాటిని కొమ్మ నుండి ఊడదీయక, నర్సరీలో పెంచిన మొక్కనే తెచ్చుకోవాలి.

ఒక ప్రాణిని పోషించాలంటే ముందు దాని స్వభావాన్ని ఎరగాలి. కుండీ మార్చడం గడియసేపటి పని. కొత్త వేరు నిలదొక్కుకొనే వరకు వేచి ఉండడమే సాధన.

ప్రశ్నలు
1. వృక్షాదని, వృక్షరుహ శబ్దాల అర్థభేదాన్ని వివరించండి.
2. 'ఆ ప్రేమే మొక్క పాలిటి మృత్యువవుతుంది' – సమర్థించండి.