రోగి హక్కులు - విధులు

1992వ సంవత్సరము జూలై 8వ తేదీ రాత్రి పశ్చిమ బెంగాలులో ఒక వ్యవసాయ కూలి రైలునుండి జారిపడెను. అతని తలకు పెద్ద గాయమై, మెదడులో రక్తస్రావము కలిగెను. సమీపమున నున్న ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో తగిన సాధనములు లేకపోవుటచే అతనిని నాటి కలకత్తా నగరమునకు కొనిపోయిరి. అచ్చట ఒక ప్రభుత్వ వైద్యశాలనుండి మరియొక వైద్యశాలకు త్రిప్పిరి. ఒకచోట పడక ఖాళీ లేదనిరి. ఇంకొకచోట అట్టి చికిత్సకు వసతి లేదనిరి. తుదకు ఒక ప్రైవేటు వైద్యశాల అతనిని చేర్చుకొనెను. ప్రాణము దక్కెను గాని, సుమారు 17,000 రూపాయలు వ్యయమయ్యెను. కూలిచేసి బ్రదుకువానికి అది ఎంత భారమో చెప్పనక్కరలేదు.

అతడు ఊరకుండలేదు. తాను సభ్యుడుగా నున్న కూలీల సంఘముతో కలిసి సుప్రీంకోర్టు నాశ్రయించెను. 1996లో తీర్పు వెలువడెను. రాజ్యాంగములోని 21వ అధికరణము ప్రతివానికి జీవించు హక్కును కాపాడుచున్నది. ఆపదలో నున్నవానికి ప్రభుత్వ వైద్యశాల సకాలములో చికిత్స చేయకుండుట ఆ హక్కునకు భంగము. ధనము లేదను సాకుతో ప్రభుత్వము ఈ బాధ్యతను తప్పించుకొనరాదు. ఇది ఆ తీర్పు సారాంశము. కూలికి 25,000 రూపాయల నష్టపరిహారము లభించెను. గాయపడినవానికి మొదట చికిత్స చేయవలెననియు, పోలీసు వ్యవహారములు పిమ్మట చూచుకొనవచ్చుననియు 1989లోనే ఆ న్యాయస్థానము చెప్పియుండెను. ఈ ధర్మము ప్రభుత్వ వైద్యునికే గాక ప్రైవేటు వైద్యునికిని వర్తించును.

చికిత్స పొందుట యెంత ముఖ్యమో, దానినిగూర్చి తెలిసికొనుటయు అంత ముఖ్యము. తన వ్యాధి యేమి? చేయబోవు చికిత్స యేమి? దానివలన కలుగు మేలుకీడు లేవి? వేరొక మార్గము కలదా? వ్యయమెంత? ఈ ప్రశ్నలడుగుట రోగికి హక్కు. అతడు సమ్మతించిన పిమ్మటనే శస్త్రచికిత్స జరుగవలెను. ఒక వైద్యశాలలో పరీక్ష నిమిత్తము మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అనుమతితో, పెద్ద శస్త్రచికిత్స చేసిరి. ప్రాణాపాయము లేనప్పుడు వయసువచ్చిన రోగి సమ్మతికి బదులు తల్లి సమ్మతియైనను చెల్లదని 2008లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. రోగి తన వైద్యపత్రములను కోరినచో 72 గంటలలో ఇయ్యవలెనని 2002నాటి వైద్యవృత్తి నియమావళి చెప్పుచున్నది. అతని వ్యాధివిషయమును ఇతరులకు వెల్లడింపకుండుటయు వైద్యుని ధర్మమే.

అయితే హక్కు కోరువాడు విధిని మరువరాదు. వైద్యునికి నిజము చెప్పుట రోగి మొదటి విధి. ఇదివరకు వాడిన మందులను, తన కొంటికి పడని మందులను దాచినచో చికిత్సయే అపాయకరము కావచ్చును. మందులను పూర్తిగా వాడుట రెండవ విధి. క్షయకు సాధారణముగా ఆరునెలలు మందు వాడవలెను. కొన్ని వారములకే దగ్గు తగ్గినదని మానివేసినచో, వ్యాధిక్రిములు మందునకు లొంగని శక్తిని పొందవచ్చును. అట్టి క్రిములు ఇంటివారికిని సోకవచ్చును. ఒకని అశ్రద్ధ పలువురకు కీడగును.

వరుసను పాటించుట, నిశ్శబ్దముగా నుండుట, పరిసరములను శుభ్రముగా నుంచుట బంధువులకును విధులే. చిన్న జ్వరముతో వచ్చినవాడు పలుకుబడితో ముందునకు పోయినచో, రక్తమోడుచున్నవాడు వెనుకబడును. కోపావేశములో వైద్యసిబ్బందిపై చేయిచేసికొనుట నేరము. 2008నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టము ఇందుకు మూడేండ్లవరకు కారాగారశిక్షను విధించినది. దెబ్బతిన్న వైద్యుడు ఆ రాత్రి మరియొక ప్రాణమును కాపాడజాలడు గదా! అన్యాయము జరిగినదని తోచినచో పై అధికారికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను. అవసరమైనచో న్యాయస్థానమునకు పోవలెను. ఆ కూలి చేసినది అదియే.

వైద్యశాలలో ప్రతి పడక ప్రక్కన మరియొక పడక కలదు. మన హక్కును మనము కాపాడుకొనవలెను. ప్రక్క పడకపై నున్నవాని హక్కు మన విధిపై ఆధారపడియున్నదని గుర్తింపవలెను.